ఫోర్‌మన్ ఎదురుగా టైసన్: గెలుపు ఎవరిది?

1973 జనవరి నాటి జార్జ్ ఫోర్‌మన్‌ను, 1988 జూన్ నాటి మైక్ టైసన్‌ను ఒకే బాక్సింగ్ రింగులో నిలబెడితే ఎవరు గెలుస్తారని మీరు అడిగారు. అభిమానం పక్కన పెట్టి కారణాలు చెప్పమన్నారు. నెలలతో సహా అడగడం బాగుంది. ఫోర్‌మన్ జమైకాలోని కింగ్‌స్టన్‌లో జో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టి ప్రపంచ టైటిల్ గుంజుకున్న నెల మొదటిది. టైసన్ అట్లాంటిక్ సిటీలో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో ముగించిన నెల రెండోది. అంతకంటే పదునైన ఫోర్‌మన్ గానీ, అంతకంటే పదునైన టైసన్ గానీ మరి లేరు.

జవాబు ముందే చెప్పేస్తాను. పదిసార్లు తలపడితే ఆరుసార్లు ఫోర్‌మన్. ఆ ఆరింటిలో అయిదు మూడో రౌండు దాటవు. టైసన్ గెలిచే నాలుగింటిలో రెండు మొదటి రెండు నిమిషాల్లో తేలిపోతాయి, మిగిలిన రెండు అయిదో రౌండు దాటాక. అంటే మొదట్లో టైసన్, మధ్యలో ఫోర్‌మన్, చివర్లో మళ్లీ టైసన్. ఆ మధ్యభాగాన్ని టైసన్ దాటగలడా అన్నదే అసలు ప్రశ్న. దాటలేడని నా అంచనా.

ఇంత ధీమాగా చెబుతున్నాడు కదా అని నమ్మేయకండి. విశాఖపట్నంలో ముప్పై ఏళ్లు కుర్రాళ్లకు బాక్సింగ్ నేర్పాను, చిన్నా పెద్దా పోటీల్లో రింగు పక్కన కూర్చుని పాయింట్లు వేశాను. అయినా 1990 ఫిబ్రవరిలో టోక్యోలో టైసన్, బస్టర్ డగ్లస్ తలపడబోతున్నప్పుడు నా తోటి కోచ్‌తో రెండు కిలోల మాడుగుల హల్వా పందెం కాశాను, నాలుగు రౌండ్లలో టైసన్ ముగించేస్తాడని. ఆదివారం పోరాటం జరిగింది. సోమవారం పేపరు తెరిస్తే మొదటి పేజీ నిండా నెల్సన్ మండేలా జైలు నుంచి నడిచి వస్తున్న వార్త. ఆటల పేజీలో పదో రౌండులో టైసన్ నాకౌట్. మండేలా విడుదలైనందుకు సంతోషించాలో, హల్వా డబ్బులకు ఏడవాలో తెలియలేదు. లాస్ వేగాస్‌లో డగ్లస్ గెలుపు మీద 42కు 1, అంటే ఒకటి కాస్తే 42, ఇచ్చారని తరువాత చదివి, తప్పింది నేనొక్కడినే కాదులే అని కాస్త ఊరట పడ్డాను. ఆ పందెం ఎందుకు ఓడిపోయానో వెతుక్కుంటూ పోతేనే మీ ప్రశ్నకు జవాబు దొరికింది.

రికార్డుల దగ్గర ఎక్కువసేపు ఆగను. కింగ్‌స్టన్‌కు వెళ్లేనాటికి ఫోర్‌మన్ 37కు 37 గెలిచాడు, అందులో 34 నాకౌట్లు. స్పింక్స్ ఎదుటికి వచ్చేనాటికి టైసన్ 34కు 34, అందులో 30 నాకౌట్లు. ఈ అంకెల్లో గెలుపుల కంటే ఆ మిగిలినవే ముఖ్యం: ఫోర్‌మన్ చేతిలో పడిపోకుండా చివరిదాకా నిలబడిన ఆ ముగ్గురు, టైసన్ చేతిలో నిలబడిన ఆ నలుగురు. వాళ్లు ఎలా నిలబడ్డారో చూడాలి. వాళ్ల దగ్గరికి తరువాత వస్తాను.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఇద్దరి బరువూ ఒక్కటే. ఫ్రేజియర్‌తో తలపడిన రోజు ఫోర్‌మన్ 217 పౌన్లన్నర తూగాడు, స్పింక్స్‌తో తలపడిన రోజు టైసన్ 218కి కాస్త పైన. మన లెక్కలో ఇద్దరూ 99 కిలోల దరిదాపుల్లో. కానీ ఫోర్‌మన్ ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, టైసన్ 5 అడుగుల 10 అంగుళాలు. చేతులు చాచితే టైసన్‌కు 71 అంగుళాలు, ఫోర్‌మన్‌కు 78కి పైనే. ఒకే బరువును ఒకరిలో నిలువుగా సాగదీశారు, మరొకరిలో కుదించి దట్టించారు. కాబట్టి పెద్దవాడు, చిన్నవాడు అనే మాట ఇక్కడ చెల్లదు. పొడవాటివాడు, పొట్టివాడు అనేదే చెల్లుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మా కుర్రాళ్లకు నేను దూరాలను మన పాత కొలతల్లోనే చెప్పేవాడిని: జానెడు, మూరెడు, బారెడు. బారెడు దూరంలో జాబ్, అంటే ముందు చేతిని నేరుగా చాచి కొట్టే దెబ్బ, పనిచేస్తుంది. మూరెడు దూరంలో చేతిని పూర్తిగా తిప్పి కొట్టే పెద్ద దెబ్బలు, ముఖ్యంగా కింది నుంచి పైకి లేచే అప్పర్‌కట్ పనిచేస్తాయి. జానెడు దూరంలో మోచేయి మడిచి కొట్టే పొట్టి హుక్ పనిచేస్తుంది. ప్రతి బాక్సర్‌కూ ఒక సొంత దూరం ఉంటుంది. ఇద్దరిలో ఎవరు గెలుస్తారో చెప్పాలంటే ఎవరి గుద్దు గట్టిదని అడగకూడదు. పోరాటం ఏ దూరంలో జరుగుతుంది, ఆ దూరాన్ని ఎవరు నిర్ణయిస్తారు అని అడగాలి. టైసన్‌ది జానెడు. ఫోర్‌మన్‌ది మూరెడు. బారెడు ఇద్దరిదీ కాదు. ఫోర్‌మన్ జాబ్ బండలాంటిదే అయినా, దాన్ని అతను ఎదుటివాడిని తన దెబ్బకు అందేలా కదిలించడానికే ఎక్కువగా వాడాడు.

ఈ దూరాల లెక్క పట్టుకుంటే 1971 నుంచి 1974 దాకా జరిగిన గందరగోళం కూడా విడిపోతుంది. 1971 మార్చిలో ఫ్రేజియర్ మహమ్మద్ అలీని ఓడించాడు. 1973 జనవరిలో ఫోర్‌మన్ ఆ ఫ్రేజియర్‌ను నలిపేశాడు. అదే ఏడాది మార్చిలో కెన్ నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు. మరుసటి ఏడాది మార్చిలో కరాకస్‌లో ఫోర్‌మన్ ఆ నార్టన్‌ను కూడా రెండు రౌండ్లలో పంపేశాడు. అలీని ఓడించిన ఇద్దరినీ రెండేసి రౌండ్లలో చిత్తు చేసినవాడికి అలీ ఒక లెక్కా? 1974 అక్టోబరులో జైర్‌లోని కిన్షాసాకు చేరినవాళ్లలో చాలామంది అలీ ప్రాణాలతో బయటపడితే చాలనుకున్నారు. ఎనిమిదో రౌండులో అలీయే ఫోర్‌మన్‌ను నాకౌట్ చేశాడు. భీమవరం వైపు కోడిపందాల్లో డేగ, కాకి, నెమలి అంటూ ఏ రంగు పుంజుకు ఏ రంగు పుంజు లొంగుతుందో లెక్కలు వేస్తారు. వాటిలో నిజమెంతో నాకు తెలియదు గానీ, ఒకదాని మీద గెలిచినది ఇంకొకదానికి లొంగుతుందన్న ఆలోచన బాక్సింగ్‌లో మాత్రం అక్షరాలా నిజం.

కిన్షాసాలో అలీ ఏం చేశాడో ఈ కొలతల్లో చూడండి. మూరెడు దూరంలో అతను నిలబడలేదు. ఫోర్‌మన్ కొట్టబోతే వదులుగా ఉన్న తాళ్ల మీద వెనక్కి వాలి మూరెడును బారెడు చేశాడు. ఫోర్‌మన్ దగ్గరికి వచ్చేస్తే మెడ మీద చేయి వేసి కిందికి వంచి మూరెడును జానెడు చేశాడు. తన దూరంలో నిలబడే మనిషి దొరక్క ఫోర్‌మన్ అలిసిపోయాడు. తాళ్ల మీద వాలిన ఉపాయం గురించే అందరూ చెబుతారు. ఆ మెడ వంచడం కూడా అంతే పని చేసిందని నా అభిప్రాయం. వంద కిలోల మనిషి మెడ మీద మాటిమాటికీ బరువు వేస్తుంటే ఏమవుతుందో ఒకసారి స్పారింగ్, అంటే సాధన కోసం పోరాటం, చేసినవాడికి వేరే చెప్పనక్కర్లేదు.

టైసన్ అలీలా చేయగలడా? చేయలేడు. వెనక్కి వాలడం అతని శరీరంలోనే లేదు. అతను ముందుకే వస్తాడు, తల కిందికి దించి, అటూ ఇటూ ఊగుతూ. ఫ్రేజియర్ కూడా అలాగే వచ్చాడు. అందుకే కింగ్‌స్టన్ దగ్గర ఆగాలి.

ఆ మొదటి రౌండును శబ్దం తీసేసి చూడండి. వ్యాఖ్యాత గొంతు వింటుంటే కళ్లు దెబ్బల వెంట పోతాయి. దెబ్బలు చూడకండి, ఫోర్‌మన్ అరచేతులను చూడండి. ఫ్రేజియర్ తల దించుకుని లోపలికి దూరబోతాడు. ఫోర్‌మన్ రెండు చేతులూ చాచి అతని భుజాల మీద, మోచేతుల మీద ఆనించి నెడతాడు. గట్టిగా కాదు, ఇరుకు వాకిట్లో అడ్డొచ్చిన మనిషిని పక్కకు జరిపినట్టు. ఫ్రేజియర్ జానెడు దూరం నుంచి మూరెడు దూరానికి జరుగుతాడు, మడమలు లేస్తాయి, తిరిగి పాదాలు నేలకు ఆనించుకునేలోపు కుడి అప్పర్‌కట్ వస్తుంది. మొదటిసారి ఫ్రేజియర్ పడింది ఆ కుడి అప్పర్‌కట్‌కే. తరువాత జరిగిన అయిదూ ఆ ఒక్కదాని పరిణామాలే.

ఈ నెట్టుడు ఎంత పనిచేస్తుందో నేను మా జిమ్‌లో నా కళ్లతో చూశాను. ఒక పొట్టి కుర్రాడు ఉండేవాడు, పొట్టేలులా తల దించుకుని వచ్చేవాడు, ఎదుటివాళ్లంతా వెనక్కి వెనక్కి పోయి తాళ్ల దగ్గర దెబ్బలు తినేవారు. ఒకరోజు కొత్తగా చేరిన పొడుగు కుర్రాడితో స్పారింగ్ పెట్టాను. పొడుగువాడికి అప్పటికి జాబ్ కూడా సరిగా రాదు. భయంతో రెండు చేతులూ ముందుకు చాచి పొట్టివాడి భుజాలు నెట్టేశాడు. అంతే, పొట్టివాడి మడమలు లేచిపోయాయి. మళ్లీ వచ్చాడు, మళ్లీ నెట్టించుకున్నాడు. నాలుగోసారి నెట్టాక పొడుగువాడికి తట్టింది, ఎదురుగా ఉన్న గడ్డం ఖాళీగా ఉందని. గుద్దాడు. నేను ఈల వేసి, నెట్టడం ఫౌల్ అని పొడుగువాడిని కసిరాను. కసిరిన తరువాత సుద్దముక్క తీసుకుని పొట్టివాడి పాదాలు ఎక్కడ మొదలై ఎక్కడికి జరుగుతున్నాయో నేల మీద గీసి చూశాను. మూరెడు కూడా లేదు. ఆ కాస్త చోటులో ఆ కుర్రాడికి తెలిసిన బాక్సింగ్ అంతా పనికిరాకుండా పోయింది. తరువాత రెండు నెలలు వాడికి పక్కకు అడుగు వేయడం నేర్పించాను. పూర్తిగా రాలేదు.

టైసన్‌కు మాత్రం అది పూర్తిగా వచ్చు. అతన్ని ఫ్రేజియర్‌తో సమానం చేసి అక్కడితో వదిలేసేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. ఫ్రేజియర్ రౌండ్లు గడిచేకొద్దీ వేడెక్కే మనిషి, టైసన్ గంట మోగగానే మీద పడే మనిషి. ఫ్రేజియర్ ఆయుధం ముఖ్యంగా ఎడమ హుక్, టైసన్ రెండు చేతులతోనూ పడుకోబెట్టగలడు. ఫ్రేజియర్ ఊగడంలో గడియారం లోలకంలాంటి లయ ఉంటుంది, కాసేపు చూస్తే ఎప్పుడు ఎక్కడ ఉంటాడో పట్టేయవచ్చు. గురువు కస్ డమాటో తీర్చిదిద్దిన టైసన్ దెబ్బ తప్పించుకుంటూనే పక్కకు అడుగు వేసి, ఎదుటివాడి భుజం బయట తేలతాడు. నెట్టడానికి మనిషి ఎదురుగా ఉండాలి కదా. పైగా నెట్టేటప్పుడు ఫోర్‌మన్ రెండు చేతులూ చాచి ఉంటాయి, దవడకు కాపలా ఉండదు. ఆ క్షణంలో పక్కనుంచి టైసన్ కుడి హుక్ పడితే ఎవరైనా పడతారు. నేను టైసన్‌కు ఇచ్చిన ఆ మొదటి రెండు నిమిషాల గెలుపులు అక్కడివే.

ఇంకొకటీ చెప్పాలి. కింగ్‌స్టన్‌కు వచ్చిన ఫ్రేజియర్ అలీని ఓడించిన ఫ్రేజియర్ కాదు. అలీతో తలపడినప్పుడు 205 పౌన్లన్నర ఉన్నవాడు ఫోర్‌మన్ దగ్గరికి 214తో వచ్చాడు. అలీతో ఆడిన ఆ పదిహేను రౌండ్లు అతని ఒంట్లోంచి చాలా పట్టుకుపోయాయి, తరువాత రెండేళ్లలో రెండు తేలికపాటి పోరాటాలే చేశాడు. అందుకని కింగ్‌స్టన్‌ను నేను నూటికి నూరు పాళ్ల సాక్ష్యంగా తీసుకోను. ఫోర్‌మన్ పద్ధతికి మాత్రం అది సాక్ష్యమే.

మరి టైసన్ మీద ఆ పద్ధతి పనిచేస్తుందని ఎలా చెబుతున్నాను? ఇప్పుడు ఆ నలుగురి దగ్గరికి రండి. 1988 జూన్ నాటికి టైసన్ చేతిలో నాకౌట్ కాకుండా బయటపడ్డవాళ్లు జేమ్స్ టిల్లిస్, మిచ్ గ్రీన్, బోన్‌క్రషర్ అని పేరుబడ్డ జేమ్స్ స్మిత్, టోనీ టక్కర్. నలుగురూ టైసన్ కంటే బాగా పొడవు. స్మిత్ పన్నెండు రౌండ్లూ టైసన్‌ను కౌగలించుకునే ఉన్నాడు, చూసినవాళ్లకు నిద్ర వచ్చింది. కానీ జానెడు దూరంలో చేతులు కట్టేస్తే టైసన్ దగ్గర రెండో ఉపాయం లేదని అది చూపించింది. 1987 ఆగస్టులో టక్కర్ ఇంకా విలువైన సంగతి చూపించాడు. మొదటి రౌండులోనే ఎడమ అప్పర్‌కట్ ఒకటి టైసన్ గడ్డం కింద పడింది. టైసన్ ఒక్కసారిగా వెనక్కి తూలాడు. తల దించుకుని వచ్చేవాడికి పైనుంచి, పక్కనుంచి వచ్చే దెబ్బలు కనిపిస్తాయి. కింది నుంచి వచ్చేది కనిపించదు.

నా హల్వాకు ఎసరు పెట్టిన డగ్లస్ చేసింది కూడా అదే. టోక్యో పోరాటం అనగానే అందరూ టైసన్ శిక్షణ సరిగా లేదనే చెబుతారు. నిజమే. స్పారింగ్‌లో గ్రెగ్ పేజ్ చేతిలో పడిపోయాడు. అతని మూలలో, అంటే రౌండ్ల మధ్య అతన్ని చూసుకునే చోట, ఉన్నవాళ్ల దగ్గర వాచిన కన్నుకు ఒత్తిపెట్టే ఇనుప బిళ్ల కూడా లేదు, రబ్బరు గ్లౌజులో ఐసు నీళ్లు పోసి ముడివేసి కన్ను మీద పెట్టారు. ప్రపంచ విజేత మూలలో! మా పిల్లలను కాకినాడ తీసుకెళ్లినా మా సంచిలో అంతకంటే ఎక్కువ సరంజామా ఉండేది. అయితే ఆ గ్లౌజు టైసన్‌ను ఓడించలేదు. బారెడు దూరంలో డగ్లస్ జాబ్ ఓడించింది, పదో రౌండులో మూరెడు దూరంలో కింది నుంచి లేచిన కుడి అప్పర్‌కట్ ముగింపు మొదలుపెట్టింది. ఎత్తు, పొడవాటి చేతులు, భయం లేకపోవడం, కుడి అప్పర్‌కట్. ఈ నాలుగూ ఫోర్‌మన్‌లోనూ ఉన్నాయి. గుద్దు మాత్రం డగ్లస్ కంటే ఎన్నో రెట్లు బరువైనది.

భయం గురించి ఒక మాట. టైసన్ ఎదుటివాళ్లను గంట మోగకముందే సగం ఓడించేవాడని, ఫోర్‌మన్ బెదరడు కాబట్టి గెలుస్తాడని చాలామంది వాదన. నాకు అది నచ్చదు. కింగ్‌స్టన్‌లో రెఫరీ సూచనలు ఇస్తుంటే తన మోకాళ్లు వణికాయని, ఫ్రేజియర్ కిందికి చూస్తే తెలిసిపోతుందని అతని కళ్లలోకే గుచ్చి చూశానని ఫోర్‌మన్ తరువాత చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆ వణికే మోకాళ్లతోనే ఆరుసార్లు పడగొట్టాడు. స్పింక్స్ మొహంలో భయం కనిపించింది నిజమే. కానీ భయం లేకపోయినా ఆ రోజు టైసన్ ముందు స్పింక్స్ నాలుగు రౌండ్లు నిలిచేవాడని నేననుకోను.

ఫోర్‌మన్ లోపాలు దాచిపెట్టి తీర్పు చెబితే మీరు ఒప్పుకోరు. అతని గార్డ్, అంటే దెబ్బలకు చేతులు అడ్డుపెట్టుకునే తీరు, బలహీనం. 1976 జనవరిలో రాన్ లైల్‌తో తలపడినప్పుడు రెండుసార్లు నేల కరిచాడు, లేచి అయిదో రౌండులో గెలిచాడు. ఆ నాలుగో రౌండు చూస్తే, గడ్డానికి తగిలితే ఫోర్‌మన్ కూడా పడతాడని తెలుస్తుంది. పడినా లేస్తాడని కూడా తెలుస్తుంది. నేను టైసన్‌కు మొదటి రెండు నిమిషాల్లో రెండు గెలుపులే ఇచ్చి, మూడు ఇవ్వకపోవడానికి కారణం అదే. రెండోసారి పడ్డాక స్పింక్స్ లేవలేదు. ఫోర్‌మన్ లేస్తాడు.

రెండో లోపం ఊపిరి. కిన్షాసాలో అయిదో రౌండుకే చేతులు బరువెక్కాయి. 1977 మార్చిలో శాన్ హువాన్‌లో జిమ్మీ యంగ్ పన్నెండు రౌండ్లూ ఆడించి, చివరి రౌండులో పడగొట్టి పాయింట్లతో ఓడించాడు. ఆ రాత్రి తరువాతే ఫోర్‌మన్ బాక్సింగ్ వదిలి మతబోధకుడయ్యాడు, పదేళ్లు గ్లౌజు ముట్టలేదు. అయితే ఆ ముగ్గురిని మరిచిపోవద్దు, ఫోర్‌మన్ చేతిలో చివరిదాకా నిలబడ్డవాళ్లను. వాళ్లలో గ్రెగోరియో పెరాల్టా 1970లో పది రౌండ్లు నిలబడ్డాడు. ఆ పది రౌండ్లూ ఫోర్‌మన్ కూడా నిలబడ్డాడు కదా, అదీ 21 ఏళ్ల వయసులో. కాబట్టి మూడో రౌండుకే గాలి పోతుందనడం అతిశయోక్తి. అయిదు దాటితే మాత్రం చేతుల వేగం తగ్గుతుంది. అప్పటిదాకా టైసన్ నిలబడి ఉంటే అతని రెండు చేతుల హుక్‌లు పక్కటెముకలను వెతుక్కుంటాయి. ఏడో రౌండులో టైరెల్ బిగ్స్, పదో రౌండులో హోసే రిబాల్టా కూలిపోవడం చూశాం. టైసన్ ఒకటో రౌండు బాక్సర్ మాత్రమే అనేవాళ్లు ఆ రెండు పోరాటాలు చూడలేదన్నమాట.

నా అంచనాను తారుమారు చేయగల మనుషులు ఇద్దరున్నారు, ఇద్దరూ గుద్దులు విసరరు. ఒకరు రెఫరీ. రెండు చేతులతో నెట్టడం నియమాల ప్రకారం ఫౌల్. కింగ్‌స్టన్‌లో అది సాగింది. నెట్టిన ప్రతిసారీ ఆపి హెచ్చరించి, ఒక పాయింటు కోసేసే రెఫరీ ఉంటే ఫోర్‌మన్ మూరెడు దూరం సంపాదించుకోవడానికి జాబ్ మీదే ఆధారపడాలి. అప్పుడు పదికి అయిదు అయిదు అంటాను. రెండో మనిషి కెవిన్ రూనీ. 1988 జూన్‌లో టైసన్ మూలలో ఉన్నది ఆయనే. డమాటో పద్ధతిలో దెబ్బలకు అంకెలుంటాయి, మూలలోంచి అంకెలు అరిస్తే టైసన్ చేతులు వాటంతట అవే వెళ్తాయి. మొదటి రౌండులో నెట్టుడు చూడగానే, ఎదురుగా పోవద్దు, ఎడమకు తిరుగు అని చెప్పగల మనిషి ఆయన. ఆ ఏడాది చివరికల్లా ఆయన్ని తీసేశారు. మీరు 1989 టైసన్ గురించి అడిగి ఉంటే నేను ఫోర్‌మన్‌కు ఏడు ఇచ్చేవాడిని. ఫోర్‌మన్ మూలలోనూ తక్కువవాళ్లు లేరు. డిక్ శాడ్లర్, ఆర్చీ మూర్ ఉన్నారు. కానీ కిన్షాసాలో తమ మనిషి తాళ్ల దగ్గర శక్తినంతా ఒలకబోసుకుంటుంటే వాళ్లూ ఆపలేకపోయారు. ఫోర్‌మన్‌కు మూలలోంచి వచ్చే మాట కంటే తన గుద్దు మీదే నమ్మకం ఎక్కువ.

రౌండ్ల సంఖ్య కూడా అడుగుతారేమో. కింగ్‌స్టన్ పోరాటం పదిహేను రౌండ్లకు, స్పింక్స్ పోరాటం పన్నెండు రౌండ్లకు. ఈ ఇద్దరి విషయంలో అది వృథా చర్చ. జడ్జీలు పెన్సిళ్లు చెక్కుకునే అవసరం కూడా రాదు.

ఎలా జరుగుతుందో నా కళ్లకు కనిపించేది చెబుతాను. గంట మోగుతుంది. టైసన్ మూడు అంగల్లో రింగు మధ్యకు వస్తాడు. మొదటి జాబ్ కింద నుంచి దూరి పక్కటెముకల మీద కుడి చెయ్యి, వెంటనే పైన ఎడమ హుక్. ఫోర్‌మన్ తల పక్కకు తిరుగుతుంది, జనం లేచి నిలబడతారు. ఫోర్‌మన్ మొరటుగా రెండు చేతులూ భుజాల మీద వేసి నెడతాడు. టైసన్ పక్కకు తిరిగి మళ్లీ వస్తాడు. ఆ రౌండు టైసన్‌దే, ఒకవేళ పోరాటం అక్కడే ముగిసినా ఆశ్చర్యపోను. రెండో రౌండులో పక్కకు వేసే అడుగులు కాస్త తగ్గుతాయి, ఎందుకంటే నెట్టించుకున్న ప్రతిసారీ కాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. నాలుగైదు నెట్టుళ్లు అయ్యాక టైసన్ చిరాకుపడి నేరుగా వస్తాడు. చిరాకు పడ్డ టైసన్ నేరుగానే వస్తాడని 1996 నవంబరులో ఎవాండర్ హోలీఫీల్డ్ పదకొండు రౌండ్లు నిరూపించాడు. అప్పటికి టైసన్ పాత టైసన్ కాదు, ఒప్పుకుంటాను. కానీ బలంగా వెనక్కి తోసేవాడు ఎదురైతే ఏం చేయాలో తెలియని ఆ తికమక కొత్తగా వచ్చిందని మాత్రం అనుకోను. ఫోర్‌మన్‌కు అలాంటి నేరు అడుగు ఒక్కటి చాలు.

మీరు ఇంకోమాట కూడా అడిగారు: వాళ్లు నిజంగా 1990లో తలపడి ఉంటే? ఆ మాట అప్పట్లో గట్టిగానే వినిపించింది. 1990 జూన్ 16న లాస్ వేగాస్‌లో ఇద్దరూ ఒకే రాత్రి, ఒకే వేదిక మీద ఆడారు కూడా, వేర్వేరు మనుషులతో. టైసన్ హెన్రీ టిల్‌మన్‌ను మొదటి రౌండులో పంపేశాడు. అప్పటికి 41 ఏళ్లున్న ఫోర్‌మన్ అడిల్సన్ రోడ్రిగెజ్‌ను రెండో రౌండులో. తరువాత పోరాటం వాళ్లిద్దరిదే అని మా జిమ్‌లో అందరూ అనుకున్నారు, నా తోటి కోచ్ నవ్వుతూ పందెం కాస్తావా అని అడిగాడు. ఫిబ్రవరి బాకీలో ఇంకా అరకిలో హల్వా ఇవ్వాల్సి ఉంది. నేను టీ తాగడానికి బయటికి వెళ్లిపోయాను.